ముగోని వదిలేసిన అధ్యాయం: గూగీ నవల మీద ఒక పీహెచ్‌డీ కేస్ స్టడీ

వలసానంతర సాహిత్యం మీద థీసిస్ అనగానే మా ఇంగ్లీషు డిపార్ట్‌మెంట్లలో ఒక మూస తయారై ఉంటుంది. ముందు ఫానన్, తర్వాత హోమీ భాభా, ఆ తర్వాత స్పివాక్, అంటే వలసవాదం మీద రాసిన సిద్ధాంతకారులు వరసగా. ప్రతి పేరాలో నవల నుంచి ఒక కొటేషన్. చివర్లో "ఈ విధంగా రచయిత వలసవాదాన్ని ప్రతిఘటించాడు" అన్న వాక్యం. గైడ్‌గా నా దగ్గరికి వచ్చే డ్రాఫ్టుల్లో సగానికి పైగా ఇలాంటివే. ఇక్కడ రాస్తున్నది అలాంటి ఒక డ్రాఫ్టు ఎందుకు ఆగిపోయింది, మళ్లీ ఎలా కదిలింది అన్నది. పరిశోధకురాలిని గుర్తుపట్టే వీలు లేకుండా ఊరు, యూనివర్సిటీ, సంవత్సరం తీసేశాను. రాయడానికి ఆమె ఒప్పుకున్నారు.

నేపథ్యం

థీసిస్ తూర్పు ఆఫ్రికా నవలల్లో వలస జ్ఞాపకం, సాంస్కృతిక ప్రతిఘటన మీద. అందులో గుండెకాయలాంటి అధ్యాయం కెన్యా రచయిత గూగీ వా థియోంగో 1967లో ప్రచురించిన నవల 'ఎ గ్రెయిన్ ఆఫ్ వీట్' మీద. కెన్యాకు స్వాతంత్ర్యం వచ్చిన 1963 డిసెంబర్ 12కు ముందు కొద్ది రోజుల్లో థబాయి అనే ఊళ్లో జరిగే కథ. ఆ ఊరి మనుషులకు అంతకుముందు పదేళ్లలో జరిగిందంతా అందులో వెనక్కి తిరిగి తిరిగి వస్తుంది.

ఆ పదేళ్ల సంగతి క్లుప్తంగా చెప్పుకోవాలి. తెల్లవాళ్ల కోసం పక్కన పెట్టేసిన మంచి భూముల మీద కికుయు తెగ రైతుల్లో కోపం మౌ మౌ తిరుగుబాటుగా మారింది. 1952 అక్టోబర్‌లో బ్రిటిష్ ప్రభుత్వం ఎమర్జెన్సీ ప్రకటించింది. అది 1960 దాకా నడిచింది. పది లక్షల మందికి పైగా జనాన్ని పాత ఊళ్ల నుంచి లేపి, చుట్టూ కందకాలు తవ్వించి, కాపలా గ్రామాల్లో పడేశారు. వెయ్యి మందికి పైగా ఉరి తీశారు. అడవి దళాల నాయకుడు దెడాన్ కిమాతిని 1957 ఫిబ్రవరి 18న ఉరి తీశారు. బ్రిటిష్ వాళ్ల వైపు హోమ్ గార్డులుగా చేరింది కూడా ఎక్కువగా కికుయు మనుషులే. ఈ చివరి మాటే ఈ కేసుకు కీలకం.

తెలుగు చదువరులకు గూగీ కొత్త కాదు. వరవరరావు జైల్లో ఉండి ఆయన రచనలను తెలుగు చేశారు. గూగీ స్వయంగా కెన్యాలోని కమీటి జైల్లో టాయిలెట్ కాగితం మీద నవల రాసిన సంగతి సాహిత్య సభల్లో చాలాసార్లు విన్నదే. ఈ పరిశోధకురాలు కూడా ఆ దారిలోనే ఆయన దగ్గరికి వచ్చారు. అంటే నవల తెరవకముందే ఆమె మనసులో గూగీ ఒక వీరుడు.

ఎదురైన సమస్య

అధ్యాయం డ్రాఫ్టు వచ్చింది. భాష బాగుంది, ప్లేజరిజం రిపోర్టు కూడా పది శాతం లోపే. చదువుతుంటే మాత్రం ఏదో లేనట్టు అనిపించింది. రెండోసారి చదివితే గానీ తెలియలేదు, ముగో లేడు.

నవల చదవనివాళ్లకు రెండు మాటలు. ఊరంతా ముగోని వీరుడిగా కొలుస్తుంది. కందకంలో గర్భిణిని కొడుతున్న హోమ్ గార్డుకు అడ్డంపడి జైలుకెళ్లాడు, ఎన్ని దెబ్బలు తిన్నా నోరు విప్పలేదు, అతని మీద పాటలు కూడా కట్టారు. స్వాతంత్ర్యం రోజున సభలో మాట్లాడమని అడుగుతారు. అసలు సంగతి ఏమిటంటే, ఊరి ఉద్యమ నాయకుడు కిహికను బ్రిటిష్ అధికారి థాంప్సన్‌కు పట్టించింది ముగోనే. ఊరు మాత్రం ద్రోహి కరాంజా అనుకుంటుంది. కరాంజా బ్రిటిష్ వాళ్ల కింద చీఫ్‌గా చేశాడు కాబట్టి అలా అనుకోవడం తేలిక.

నవల నడుముకట్టు ఇదే. డ్రాఫ్టులో దీనికి ఒక పేజీ కూడా దక్కలేదు. కిహిక ప్రసంగాలకు, అడవికి, ఉద్యమంలో చేరేవాళ్లు చేసే రహస్య ప్రమాణాలకు పేజీల కొద్దీ చోటు. ఆపైన కిమాతిని అల్లూరి సీతారామరాజుతో పోలుస్తూ ఒక పెద్ద విభాగం.

కారణం అడిగితే ఆమె దాచకుండా చెప్పారు: "సార్, టైటిల్‌లో ప్రతిఘటన అని ఉంది. ద్రోహి గురించి అంత రాస్తే టైటిల్ నిలబడదు కదా?"

ఆ టెన్షన్‌ను కొట్టిపారేయడానికి లేదు. రిజిస్టర్ అయిన టైటిల్ మార్చాలంటే కమిటీ ముందు మళ్లీ నిలబడాలి, ఆరునెలలు ఎటో పోతాయి. కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది ఒకటి. టైటిల్ తప్పా, లేక ప్రతిఘటనను ఆమె చూస్తున్న తీరు ఇరుకా? నేను రెండోదే అనుకున్నాను. టైటిల్‌ను ముట్టుకోకుండా చదివే పద్ధతిని మార్చి చూద్దామని నిర్ణయించాం.

పనిచేయనివి

మొదట ఫానన్ దగ్గరికి పంపాను. స్వాతంత్ర్యం తర్వాత జాతీయ నాయకత్వం ఎలా పాడవుతుందో ఆయన రాసిన అధ్యాయం చదివితే, వలసవాది ఒకవైపు, వలస ప్రజలు ఒకవైపు అన్న గీత దానంతటదే చెరిగిపోతుందని లెక్క. గూగీ ఈ నవలను లీడ్స్ యూనివర్సిటీలో చదువుకుంటూ రాశాడు, ఆ రోజుల్లో ఫానన్‌ను బాగా చదివాడు. కాబట్టి ఆ చదువుకు అర్థం ఉంది. తిరిగొచ్చిన డ్రాఫ్టులో జరిగింది మాత్రం ఒకటే, కొటేషన్లు పెరిగాయి. ముగో ఇప్పుడు "అంతర్గత వలసీకరణకు ఉదాహరణ" అన్న వాక్యంలో ఇమిడిపోయాడు. మనిషి పోయి లేబుల్ మిగిలింది. సిద్ధాంతం పనికిరాదని అనను. అది ముందొస్తే నవల వెనకపడుతుంది, అంతే.

తర్వాత చరిత్ర. 1959 మార్చి 3న కెన్యాలోని హోలా నిర్బంధ శిబిరంలో కాపలావాళ్లు 11 మంది ఖైదీలను కొట్టి చంపారు. మొదట ప్రభుత్వం ఇచ్చిన ప్రకటన ఏమిటంటే వాళ్లు నీళ్లు తాగి చనిపోయారని. నవలలో ముగో ఉన్న రీరా శిబిరం వెనక ఈ హోలా నీడ ఉంది. ఇది ఆమెకు పట్టుకుంది. దానితోపాటు ఇంగ్లండ్‌లో హాన్స్‌లోప్ పార్క్ అనే ప్రభుత్వ కేంద్రంలో దాచిన ఫైళ్ల కథ కూడా దొరికింది. కాలనీలు వదిలి వెళ్లేముందు బ్రిటిష్ అధికారులు ఇబ్బందికరమైన కాగితాలు కొన్ని తగలబెట్టారు, కొన్ని ఇంగ్లండ్ పంపేశారు. మౌ మౌ బాధితులు లండన్ హైకోర్టులో వేసిన కేసు వల్ల 2011లో ఆ ఫైళ్లు బయటపడ్డాయి. 2013 జూన్‌లో బ్రిటిష్ ప్రభుత్వం విచారం ప్రకటించి, 5,228 మందికి 1.99 కోట్ల పౌండ్లు చెల్లించడానికి ఒప్పుకుంది.

ఇంత మంచి సామగ్రి చేతికి దొరికితే ఎవరు వదులుకుంటారు? ఆమె అధ్యాయాన్ని ఇలా మలిచారు: నవల 1967లో చెప్పింది, 2011లో ఫైళ్లు దాన్ని నిజమని తేల్చాయి. చదవడానికి ఊపుగానే ఉంది. నేను వద్దన్నాను. అలా రాస్తే నవలకు సర్టిఫికెట్ ఇచ్చే అధికారం మళ్లీ లండన్ ఫైలుకే పోతుంది. థబాయిలాంటి ఊళ్లలో ఆ సంగతులు తెలియనివాళ్లు లేరు. తెలిసినా ఎవరు ఎవరికి చెప్పలేకపోయారన్నదే నవల పట్టించుకున్నది. హాన్స్‌లోప్ పార్క్‌ను తీసేయమనలేదు. నవలకు రుజువుగా వద్దు, మరో చోట పనికొస్తుందేమో పక్కన పెట్టమన్నాను.

ఇక అల్లూరి విభాగం. దీని మీద మా ఇద్దరికీ బాగా వాదన జరిగింది. మన్యంలో 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత పోడు మీద ఆంక్షలు, రోడ్ల పనికి వెట్టి, 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి, 1924 మేలో అల్లూరిని కాల్చి చంపడం. ఇటు కిమాతి, అడవి, ఉరి. పైకి చూస్తే అచ్చుగుద్దినట్టు ఉంటుంది. కానీ కెన్యాలో తెల్లవాళ్లు వచ్చి భూమి మీద స్థిరపడి సేద్యం చేశారు, మన్యంలో అలా జరగలేదు. ఆ తేడా వదిలేస్తే పోలిక పోస్టర్ అవుతుంది. దానికన్నా పెద్ద అభ్యంతరం ఇంకోటి. ఆ విభాగం వల్ల అధ్యాయం మళ్లీ వీరుల చుట్టూనే తిరగసాగింది. నవలలో కిహిక అప్పటికే చనిపోయినవాడు, కిమాతి పేరుగానే ఉంటాడు. బతికి మిగిలినవాళ్ల కథ అది. నిజంగా పోల్చాలంటే అల్లూరి పక్కన నిలబడి బతికి బయటపడినవాళ్లను పోల్చాలి. గాం మల్లు దొర జైలు నుంచి బయటికొచ్చి 1952లో విశాఖ నుంచి లోక్‌సభకు వెళ్లిన సంగతి మనలో ఎంతమందికి గుర్తుంది? అది వేరే థీసిస్. విభాగం మొత్తం తీసేశాం. ఆమెకు అది కష్టంగానే అనిపించింది.

పనిచేసింది

ఆ తర్వాత ఒక చిన్న పని ఇచ్చాను. సిద్ధాంతం, చరిత్ర రెండూ పక్కన పెట్టి, నవలలో ఎవరైనా పాత సంగతి చెప్పిన ప్రతిచోటా నాలుగు విషయాలు రాసుకురమ్మన్నాను. ఎవరు చెబుతున్నారు, ఎవరికి, ఎక్కడ కూర్చుని, ఏది మింగేసి. జ్ఞాపకం అనే మాట అంత పెద్దదైపోయింది కాబట్టి, దాన్ని చెప్పే నోరు, వినే చెవి దాకా కుదించాలనిపించింది. నవల నిర్మాణం కూడా అలాంటిదే, కాలక్రమంలో నడవదు, మనుషులు ఒకరి దగ్గర ఒకరు కూర్చుని నోరు విప్పడం మీద నడుస్తుంది.

చార్టు సగం కాగానే ఆమె ఫోన్ చేశారు. "సార్, అందరూ ముగో దగ్గరికే వస్తున్నారు."

నిజమే. వడ్రంగి గికోన్యో నిర్బంధ శిబిరంలో తను ప్రమాణం సంగతి ఒప్పేసుకున్నానని ముగోకే చెప్పుకుంటాడు. అతని భార్య ముంబి, మొగుడు శిబిరంలో ఉండగా కరాంజా వల్ల బిడ్డ ఎలా పుట్టిందో ముగోకే చెప్పుకుంటుంది. ముంబి కిహిక చెల్లెలు. అంటే అన్నను పట్టించినవాడి ముందే కూర్చుని ఆమె గుండె విప్పుతోంది. వినేవాడు అందరికన్నా ఎక్కువ దాచినవాడు. ఈ ఒక్క వరుస దొరకగానే అధ్యాయానికి వెన్నెముక దొరికింది. ముగో ఇక తొలగించాల్సిన ఇబ్బంది కాదు. ఊరి జ్ఞాపకాలన్నీ వచ్చి చేరిన చోటు అతనే.

చార్టులో ఒక వరుస ఖాళీగా మిగిలింది. చెవిటివాడు గిటోగో సైనికుల "ఆగు" అన్న అరుపు వినబడక పరిగెత్తుతూ తూటాకు బలవుతాడు. ముసలితల్లి ఒంటరిగా మిగులుతుంది. ఆమె ఎవరి దగ్గరా కూర్చుని తన కథ చెప్పుకోదు. గూగీకి అదే పేరున్న సవతి సోదరుడొకడు అలాగే చనిపోయాడు. దీన్ని 'ఆత్మకథాంశం' అన్న హెడింగ్ కింద వేద్దామని పరిశోధకురాలు అనుకున్నారు. ఆ హెడింగ్ వద్దనుకున్నాం. నవలలో ముగోని ఎక్కువగా కదిలించేది ఆ కథ చెప్పుకోని తల్లే కాబట్టి, చార్టు చివర ఆ ఖాళీ వరుసను అలాగే ఉంచి, దాని మీదే రెండు పేజీలు రాయమన్నాను. థీసిస్ మొత్తంలో నాకు నచ్చిన పేజీలు అవి.

ఇక ప్రతిఘటన. ముగో స్వాతంత్ర్య సభలో లేచి నిజం చెప్పే చోటును ఆమె మళ్లీ చదివారు. సభలో దళ నాయకుడు జనరల్ ఆర్ ద్రోహిని ముందుకు రమ్మంటాడు. అందరి చూపూ కరాంజా మీదే. ఇంకో నిమిషం ఊరుకుంటే ముగో వీరుడిగానే మిగిలిపోయేవాడు. ఎందుకు లేచాడు? ఇక్కడే కెన్యా చరిత్ర పనికొచ్చింది, ఈసారి సరైన చోట. స్వాతంత్ర్యం రాకముందే, 1962లో, తర్వాత దేశ నాయకుడైన జోమో కెన్యాట్టా మౌ మౌను ఒక జబ్బుతో పోల్చి, అది పోయింది, దాన్ని ఇక ఎన్నడూ గుర్తుచేసుకోకూడదన్న ధోరణిలో మాట్లాడాడు. మౌ మౌ మీద వలస ప్రభుత్వం పెట్టిన నిషేధాన్ని స్వతంత్ర కెన్యా 2003 దాకా ఎత్తేయలేదు. నైరోబీలో కిమాతి విగ్రహం వెలిసింది 2007లో. అంటే గూగీ రాస్తున్న కాలానికి జ్ఞాపకాన్ని చెరిపేవాళ్లు రెండు వైపులా ఉన్నారు. వెళ్లిపోతూ ఫైళ్లు కాల్చినవాళ్లు ఒకరు, వచ్చి కుర్చీలో కూర్చుని మరిచిపొమ్మన్నవాళ్లు ఇంకొకరు. పక్కన పెట్టిన హాన్స్‌లోప్ పార్క్ ఇక్కడికి వచ్చి చేరింది. మరిచిపొమ్మని అందరూ చెబుతున్న సభలో ఒకడు లేచి "అది నేనే" అనడం ప్రతిఘటన అవుతుంది. టైటిల్ మార్చాల్సిన పని లేకపోయింది.

అనుకోని మలుపు: రెండు ప్రతులు

అధ్యాయం దాదాపు పూర్తయ్యాక కొటేషన్లు సరిచూస్తుంటే ఒక చిక్కు వచ్చింది. ఒక విమర్శకుడి వ్యాసంలోంచి తీసుకున్న నవల భాగం ఆమె దగ్గరున్న పీడీఎఫ్‌లో ఎక్కడా లేదు. "ఆయన కల్పించి రాశాడా సార్?" అని అడిగారు. లైబ్రరీలో పాత ప్రతి తీయించాం. అట్ట మీద రచయిత పేరు జేమ్స్ గూగీ. ఆ పేరు ఆయన తర్వాత వదిలేశాడు. అందులో ఆ భాగం ఉంది.

గూగీ ఈ నవలను 1980లలో సవరించాడు. ఆ సవరణల్లో అందరూ ముఖ్యంగా చెప్పుకునేది ఒకటి. డాక్టర్ లిండ్ అనే తెల్ల మహిళ ఇంటి మీద దాడిలో ఆమె కుక్కను నరికేయడం రెండు ప్రతుల్లోనూ ఉంది. పాత ప్రతిలో ఆ దాడిలో ఆమె మీద అత్యాచారం కూడా జరుగుతుంది. అది చేసినవాళ్లలో తర్వాత అడవి దళంలో కనిపించే మనిషి ఉన్నాడు. కొత్త ప్రతిలో అత్యాచారం లేదు.

దీన్ని ఏం చేయాలి? సులువైన దారి ఒక ప్రతిని ఎంచుకుని, ఫుట్‌నోట్‌లో ముద్రణ వివరం ఇచ్చి సాగిపోవడం. చాలా థీసిస్‌లలో అదే జరుగుతుంది, దాన్ని తప్పుపట్టేవాళ్లు కూడా ఉండరు. కానీ ఈ అధ్యాయం జ్ఞాపకం గురించి. రచయిత తన నవలలోంచే ఒక జ్ఞాపకాన్ని తీసేస్తే, అది ఫుట్‌నోట్‌లో పడుకోదు.

ఆమె వెనకాడారు. వీరుడిగా చూసిన రచయిత మీద వేలు చూపినట్టవుతుందని భయం. ఇంకో భయం కూడా న్యాయమైనదే: తిరుగుబాటుదారులను అత్యాచారులుగా చూపించడం వలస ప్రచారానికి ఎంతో ఇష్టమైన పని. ఆ దృశ్యం తీసేయడం ఆ ప్రచారానికి జవాబు అయ్యుండొచ్చు కదా? అయ్యుండొచ్చు. అందుకే ఒక హద్దు పెట్టాను. గూగీ మనసులో ఏముందో ఊహించి రాయొద్దు. మార్పు వల్ల నవలలో ఏం జరిగిందో మాత్రం రాయాలి.

అలా రాసినప్పుడు బయటపడింది ఇది. పాత ప్రతిలో, అందరి ఒప్పుకోళ్లూ వినే ఊళ్లో ఒక ఒప్పుకోలు మాత్రం బహిరంగంగా జరగదు, అదీ ఈ అత్యాచారానిది. ఊరు ముగోని అడిగినట్టు ఆ మనిషిని ఎవరూ అడగరు. కొత్త ప్రతిలో ఆ ప్రశ్నే మాయమైంది. ద్రోహాన్ని దాచొద్దన్న నవల సవరణ తర్వాత తన దళం విషయంలో కాస్త శుభ్రపడింది. ఆమె ఈ మాటను మెత్తగా రాశారు గానీ, రాయకుండా వదల్లేదు.

పాఠాలు

నా పనిలో ఈ కేసు తెచ్చిన మార్పులు మూడు నాలుగు ఉన్నాయి. మొదటిది అన్నిటికన్నా చిన్నది, అన్నిటికన్నా పనికొచ్చేది. మొదటి మీటింగ్‌లోనే ఏ ప్రతి చదువుతున్నారు, అది ఏ సంవత్సరం ముద్రణ అని అడుగుతున్నాను. స్కాన్ పీడీఎఫ్‌లో టైటిల్ పేజీ లేకపోతే దాని మీద అధ్యాయం రాయనివ్వను.

సిద్ధాంతం ఎప్పుడు చదవాలన్నది కూడా తేల్చుకున్నాను. నవలలో ఎవరు ఎవరికి చెబుతున్నారన్న చార్టు పూర్తయ్యాకే. ఇది అందరికీ పడదు. కవిత్వం మీద పనిచేసేవాళ్లకు ఈ చార్టు అక్కర్లేదు, నాటకంలో ఎలాగూ అందరూ మాట్లాడుతూనే ఉంటారు. వెనక్కి తిరిగే కథనం ఉన్న నవలలకు మాత్రం బాగా పనిచేస్తుంది.

మన ప్రాంతంతో పోలికల విషయంలో పట్టుదల పెంచాను. కెన్యా గురించి రాస్తూ మన్యాన్ని తెస్తే చదివేవాళ్లకు దగ్గరవుతుంది, నిజమే. దగ్గరితనం కోసమే అయితే వద్దు. పోలిక వల్ల కెన్యా గురించి కొత్త సంగతి ఒకటైనా తెలియాలి.

థీసిస్ మౌఖిక పరీక్షలో, అంటే వైవాలో, బయటి యూనివర్సిటీ నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ అడిగిన మొదటి ప్రశ్న ముగో గురించి కాదు. "మీ దృష్టిలో అసలు నవల ఏది, 1967దా, సవరించినదా?" ఆమె రెండూ అన్నారు. ఆయన ఊరుకోలేదు, ఒకటి ఎంచుకోమన్నారు. విద్యార్థికి పాఠం చెప్పాల్సి వస్తే రెండూ పక్కపక్కన పెట్టి చెబుతానని, ఒక్కటే చేతికివ్వాల్సి వస్తే పాతదే ఇస్తానని ఆమె చెప్పారు. ఆయన నోట్ చేసుకున్నారు, ఒప్పుకున్నారో లేదో తెలియలేదు.

ఒక భాగం ఈ అధ్యాయంలోంచి తీసి తర్వాతి దానికి పంపాం. నవలలో గికోన్యో కొందరితో కలిసి ఒక తెల్ల రైతు పొలం కొనాలనుకుంటాడు, అప్పు కోసం ఊరి ఎంపీ చుట్టూ నైరోబీకి తిరుగుతాడు. చివరికి ఆ పొలాన్ని ఎంపీనే కొనేశాడని తెలుస్తుంది. జ్ఞాపకాల అధ్యాయంలో అది చివర తగిలించినట్టు కనిపించింది. ఇప్పుడు భూమి మీద రాసిన అధ్యాయం ఆ పొలం గేటు దగ్గరే మొదలవుతుంది.